గాజుకు ఇవతల నుంచి: చేపల తొట్టె ముందు కెనన్ 100 ఎంఎం మాక్రో లెన్స్

కెనన్ ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్/2.8 ఎల్ మాక్రో ఐఎస్ యూఎస్ఎం లెన్స్ 2009 సెప్టెంబరులో ప్రకటితమైంది. మాక్రో అంటే చిన్న వస్తువులను అతి దగ్గరి నుంచి పెద్దగా తీసే లెన్స్. పూల పుప్పొడినీ, సీతాకోకచిలుక రెక్కలనూ, పెళ్లి ఉంగరాలనూ తీసేవాళ్లు దీన్ని ఎంతగా మెచ్చుకున్నారో అందరికీ తెలిసిందే. ఇంట్లో చేపల తొట్టె ముందు ఇది ఎలా పనిచేస్తుందన్నది మాత్రం వేరే ప్రశ్న. ఇక్కడ లెన్స్‌కూ మనం తీయబోయే ప్రాణికీ మధ్య గాలి ఒక్కటే ఉండదు; గాజు ఉంటుంది, నీళ్లు ఉంటాయి, ఆ నీళ్లలో క్షణం నిలవని చేప ఉంటుంది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో రెండు తొట్లున్నాయి. ఒకటి మూడడుగుల మంచినీటి తొట్టె. అందులో మొక్కలు, నియాన్ టెట్రాల గుంపు, ఏంజెల్ ఫిష్‌లు ఉన్నాయి. రెండోది రెండడుగుల ఉప్పునీటి తొట్టె. అందులో హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట, ఒక క్లీనర్ రొయ్య, శంఖాల్లో కాపురముండే హెర్మిట్ పీతలు ఉన్నాయి. కెనన్ 6డి మార్క్ 2 కెమెరాకు ఈ లెన్స్‌ను బిగించి రెండింటి ముందూ చాలాకాలంగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. చేపల తొట్టెకు ఇది చాలా మంచి లెన్స్. అయితే అమ్మేటప్పుడు గొప్పగా చెప్పే గుణాలు తొట్టె ముందు సగమే అక్కరకొస్తాయి. దీన్ని నిజంగా తొట్టెకు తగినదిగా చేసినవి ఎవరూ పెద్దగా పట్టించుకోని కొన్ని కొలతలు.

అందరూ మొదట చెప్పేది 1:1 నిష్పత్తి గురించి. వస్తువు ఎంత ఉందో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మను పట్టే పలక) మీద ప్రతిబింబం కూడా అంతే పడుతుందని దాని అర్థం. నా కెమెరాలో ఉన్న పెద్ద రకం, అంటే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కనుక మూడు సెంటీమీటర్ల నియాన్ టెట్రా ఒక్కటే ఫ్రేమునంతా ఆక్రమించగలదు. వినడానికి ఇది బాగుంటుంది గానీ, ఈదే చేపను ఆ నిష్పత్తిలో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అది ఫ్రేములోకి వచ్చిందని మనం గుర్తించేలోపే తోక మాత్రమే మిగులుతుంది. నేను తీసే చేపల ఫోటోల్లో ఎక్కువభాగం సగం నిష్పత్తి దగ్గరో, అంతకన్నా తక్కువలోనో తీసినవే. 1:1 నిజంగా అక్కరకొచ్చేది కదలని వాటికి: గాజుకు అంటుకున్న నత్త గుడ్ల ముద్దకు, రాతి పగులులో కూర్చున్న క్లీనర్ రొయ్య కంటికి, శంఖం అంచున మడిచిపెట్టుకున్న హెర్మిట్ పీత కాళ్ల మీది నూగుకు. క్లీనర్ రొయ్య వీపు మీద ఎర్రటి పట్టీల నడుమ సాగే తెల్లటి గీత ఉంటుంది. దాని అంచు నున్నగా ఉంటుందని మామూలు కంటికి అనిపిస్తుంది; ఈ లెన్స్‌తో దగ్గరికి వెళితే ఆ అంచు పొడవునా ఎర్రటి చుక్కలు విడివిడిగా, కొన్నిచోట్ల తెలుపులోకి చొచ్చుకుపోయి కనిపిస్తాయి. తొట్టె ముందు గంటలకొద్దీ కూర్చునేవారికి కూడా ఇది కొత్త దృశ్యమే.

ఇక కొలతల సంగతికి వస్తాను, ఎందుకంటే లెన్స్ కొనేముందు తెలుసుకోవలసింది ఇదే. దీని కనిష్ఠ ఫోకస్ దూరం 30 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని లెన్స్ ముందు అంచు నుంచి కాకుండా కెమెరా లోపలి సెన్సర్ నుంచి కొలుస్తారు. లెన్స్ పొడవు 12.3 సెంటీమీటర్లు, లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్ దాకా మరో 4.4 సెంటీమీటర్లు. ఈ రెండూ పోతే లెన్స్ ముందు మనకు మిగిలేది 13 సెంటీమీటర్ల పైచిలుకు. ఇప్పుడు నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీటిలోని వస్తువు గాజు వెనక అసలు ఎంత దూరంలో ఉందో అందులో ముప్పాతిక దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. బావిలో నీళ్లు ఉన్నదానికన్నా పైకి కనిపించడానికి కారణం కూడా ఇదే. కాబట్టి లెన్స్‌ను గాజుకు పూర్తిగా ఆనిస్తే, గాజుకు దాదాపు 18 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న చేప ఏదీ ఫోకస్‌లోకి రాదు. ముందునుంచి వెనక్కి ఒక అడుగు మాత్రమే ఉండే మామూలు తొట్టెలో అంటే సగానికి పైగా తొట్టె మనకు అందదన్నమాట. అద్దంలో పడే ప్రతిబింబాలు పోవాలంటే లెన్స్‌ను గాజుకు ఆనించమని అందరూ సలహా ఇస్తారు; ఈ లెన్స్‌తో ఆ సలహాను అక్షరాలా పాటిస్తే చేపలు మసకగానే మిగులుతాయి.

దీనికి మార్గం సులభమైనదే. సుమారు నాలుగు సెంటీమీటర్ల పొడవుండే మెత్తని రబ్బరు హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం లాంటి తొడుగు) ఒకటి కొని, లెన్స్ ముందున్న 67 మిల్లీమీటర్ల మరలకు బిగించి, ఆ హుడ్ అంచును గాజుకు ఆనించాలి. అప్పుడు నీటిలో ఫోకస్ అందే చోటు గాజు నుంచి సుమారు 12 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. బయటి వెలుతురు హుడ్ లోపలికి రాదు కనుక గాజు మీద ప్రతిబింబం ఉండదు, రబ్బరు కనుక గాజుకు గీతలూ పడవు. లెన్స్‌తో పాటు కంపెనీ ఇచ్చే ఈటీ-73 హుడ్ గట్టి ప్లాస్టిక్‌ది. ఎండలో బయట తిరిగేటప్పుడు అది మంచిదే గానీ తొట్టె గాజు దగ్గర, ముఖ్యంగా గీతలు తేలిగ్గా పడే ఆక్రిలిక్ తొట్టె దగ్గర, దాన్ని వాడవద్దని నా గట్టి సలహా.

లెన్స్ పక్కన ఉండే ఫోకస్ పరిమితి మీటకు మూడు స్థానాలున్నాయి: మొత్తం దూరం, 0.3 నుంచి 0.5 మీటర్లు, 0.5 మీటర్ల నుంచి అనంతం. మధ్యదాన్ని చూస్తే కొలిచి మరీ ఇంటి తొట్టె కోసమే పెట్టారా అనిపిస్తుంది. రబ్బరు హుడ్ గాజుకు ఆనినప్పుడు ఆ స్థానంలో నీటిలో 12 సెంటీమీటర్ల నుంచి 39 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అందుతుంది. మా మంచినీటి తొట్టె ముందునుంచి వెనక్కి 45 సెంటీమీటర్లు. అంటే ముందు గాజుకు మరీ దగ్గరగా వచ్చినవి తప్ప చేపలు ఎక్కువగా తిరిగే చోటు ఈ పరిధిలోకి వస్తుంది, వెనక గాజు మాత్రం రాదు. మీట ఈ స్థానంలో లేకపోతే చేప తప్పుకున్న ప్రతిసారీ లెన్స్ అనంతం దాకా వెళ్లి వెతికి వెనక్కి వస్తుంది. ఆలోపు అవకాశం జారిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది. హుడ్ ఆనినప్పుడు గాజు సెన్సర్‌కు 21 సెంటీమీటర్ల దూరంలో, అంటే కనిష్ఠ ఫోకస్ దూరం కన్నా దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఆటోఫోకస్ గాజు మీది గీతకో, నీటి మరకకో, లోపల అంటుకున్న పాచి చుక్కకో తగులుకునే అవకాశమే లేదు. తొట్టె ఫోటోలు తీసేవారిని అన్నిటికన్నా ఎక్కువగా విసిగించేది ఆ తగులుకోవడమే.

ఫోకస్ మారినప్పుడు ఈ లెన్స్ పొడవు మారదు, ముందు భాగం తిరగదు. పాత మాక్రో లెన్సులు కొన్ని దగ్గరి ఫోకస్‌కు వెళ్లేకొద్దీ ముందుకు సాగుతాయి. గాజుకు ఆనించి పెడితే అవి సాగడానికి చోటుండక కెమెరానే వెనక్కి నెడతాయి. ఇందులో ఆ బాధ లేదు. ఆటోఫోకస్ మోటారు చప్పుడు చేయదు. ఆటోఫోకస్‌లో ఉండగానే చేత్తో రింగు తిప్పి సరిచేసుకోవచ్చు, ఆ రింగు వెడల్పుగా, నింపాదిగా తిరుగుతుంది. నేను మేత వేసే సమయంలో ఆటోఫోకస్ ఆపేస్తాను. నీటిపైన తేలే మేత రింగును గాజు నుంచి ఒక జానెడు లోపలికి జరిపి, ఆ దూరానికి చేత్తో ఫోకస్ పెట్టి ఉంచితే, చేపలే ఒక్కొక్కటిగా ఆ తలంలోకి వస్తాయి. చేప కన్ను పదునుగా కనిపించిన క్షణంలో షట్టర్ మీట నొక్కాలి. మిగతా ఒళ్లు కాస్త మసకబారినా ఫర్వాలేదు గానీ కన్ను మసకైతే ఆ ఫోటో పనికిరాదు.

కెమెరాను గాజుకు సూటిగా, లంబంగా పెట్టడం తప్పనిసరి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇందులో మినహాయింపు లేదు. గాజు గుండా, నీటి గుండా వెలుగు ఏటవాలుగా వచ్చినప్పుడు ఒక్కొక్క రంగు కిరణం ఒక్కొక్క మేరకు వంగుతుంది కనుక చేప పొలుసుల అంచులకు ఒకవైపు ఎరుపు, మరోవైపు నీలం చారలు పడతాయి, వివరాలు ఒక దిశలో సాగినట్టు అలుక్కుపోతాయి. ఈ లెన్స్ పదును ఎంతటిదంటే ఏటవాలుతనం కొద్దిగా పెరిగినా ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చేప పక్కకు వెళితే కెమెరాను తిప్పకూడదు. కెమెరాతో పాటు మనమే పక్కకు జరగాలి. తొట్టె ముందు చక్రాల స్టూలు వేసుకుని కూర్చోవడం ఇందుకు బాగా పనికొస్తుంది. కెమెరా తెర బయటికి తిరిగేదైతే అడుగున మసిలే చేపల కోసం నేల మీద బోర్లా పడుకోవలసిన అవసరం కూడా ఉండదు.

ఈ లెన్స్‌కు పేరు తెచ్చిన మరో గుణం హైబ్రిడ్ ఐఎస్. చెయ్యి వణికినప్పుడు కెమెరా ఒరగడాన్నే కాక, పక్కకో పైకో కిందికో జరగడాన్ని కూడా ఇది సరిదిద్దుతుంది. దగ్గరి ఫోటోల్లో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. మామూలు దూరాల్లో నాలుగు స్టాపుల మేరకు (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం), 1:1 దగ్గర రెండు స్టాపుల మేరకు సాయపడుతుందని కంపెనీ చెబుతుంది. నిద్రపోతున్న చేప, రాయి మీది రొయ్య, మొక్క ఆకు వంటి వాటికి ఇది నిజంగా మేలు. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని వంటి ప్రజా అక్వేరియాల్లో, వెలుతురు తక్కువగా ఉండే చోట, ఫ్లాష్ వెలిగించడం మర్యాద కాని చోట, నెమ్మదిగా కదిలే పెద్ద చేపలకు కూడా దీని ఉపయోగం తెలుస్తుంది. కానీ ఇంటి తొట్టెలో ఈదుతున్న టెట్రా ముందు ఇది చేయగలిగింది ఏమీ లేదు. మన చెయ్యి కదలకుండా ఆపగలదే గానీ చేపను ఆపలేదు. కేవలం ఈ ఒక్క గుణం కోసం ఎక్కువ డబ్బు పెట్టాలనుకునేవారు, ఆ డబ్బులో కొంత ఒక ఫ్లాష్‌కు కేటాయిస్తే తొట్టె ఫోటోలకు అంతకు అనేక రెట్లు మేలు జరుగుతుంది.

వెలుతురు ఎందుకంత ముఖ్యమో లోతు లెక్కలు చూస్తే అర్థమవుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో సగం నిష్పత్తి దగ్గర, ఎఫ్/2.8లో, పదునుగా వచ్చే మందం కేవలం ఒక మిల్లీమీటరు. చేప కన్ను పదునుగా ఉంటే మొప్ప మసకగా ఉంటుంది. ఎఫ్/11కు తగ్గిస్తే, అంటే వెలుగు వచ్చే లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్‌ను) చిన్నది చేస్తే, అది నాలుగు మిల్లీమీటర్లవుతుంది. పక్కకు తిరిగి ఉన్న క్లౌన్ ఫిష్ ఒంటికి అది సరిపోతుంది. అదే ఎఫ్/11లో 1:1కు వెళితే మళ్లీ ఒకటింబావు మిల్లీమీటరుకు పడిపోతుంది. పైగా 1:1 దగ్గర సెన్సర్‌కు చేరే వెలుగు సుమారు రెండు స్టాపులు తగ్గుతుంది. ఈ లెన్స్ ఎఫ్/2.8 దగ్గరే ఎంతో పదునైనది, తొమ్మిది రేకుల అపర్చర్ వల్ల వెనక మొక్కలూ బుడగలూ మెత్తగా, గుండ్రంగా కరిగిపోతాయి. కానీ తొట్టె ముందు ఆ ఎఫ్/2.8ను నేను ఫోకస్ వెతుక్కోవడానికే వాడుకుంటాను, ఫోటోలు మాత్రం ఎఫ్/8కూ ఎఫ్/13కూ మధ్యలోనే తీస్తాను. అంతకు మించి మూసేస్తే వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే వెలుగు విచ్చుకోవడం) వల్ల పదును తగ్గడం మొదలవుతుంది.

ఎఫ్/11, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 200, షట్టర్ వేగం 1/160 పెట్టి తొట్టె మీది ఎల్‌ఈడీ వెలుతురుతో మాత్రమే తీస్తే ఫోటో దాదాపు నల్లగా వస్తుంది. అదే మనకు కావలసింది. అప్పుడు ఫోటోలోని వెలుగంతా ఫ్లాష్‌దే అవుతుంది. ఫ్లాష్‌ను పూర్తి శక్తితో కాక బాగా తగ్గించి వాడితే అది వెలిగే వ్యవధి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువగా ఉంటుంది కనుక, ఈదే చేప రెక్క కూడా గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. 6డి మార్క్ 2లో ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం 1/180 అయినా అందుకే ఇబ్బంది రాదు. ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన పెట్టకూడదు. అలా పెడితే గాజు మీద తెల్లని మంట, నీటిలోని ప్రతి నలుసు మీద ఒక చుక్క పడతాయి. రేడియో ట్రిగ్గర్‌తో (తీగ లేకుండా ఫ్లాష్‌ను వెలిగించే పరికరంతో) దాన్ని తొట్టె పైన, కాస్త ముందువైపుగా ఉంచి, కింద తెల్లటి బటర్ పేపరో పలుచని తెల్ల గుడ్డో అడ్డుపెడితే వెలుతురు మధ్యాహ్నపు ఎండలా పైనుంచి మెత్తగా దిగుతుంది. తొట్టె మూత గాజుదైతే దాని అడుగున పట్టిన నీటిబొట్లను, ఉప్పునీటి తొట్టె అయితే ఉప్పు పొక్కులను, ముందే తుడవాలి. తడి చేతులతో ఫ్లాష్‌ను ముట్టుకోరాదని, నీటి మీద దాన్ని గట్టిగా కట్టి ఉంచాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఫ్లాష్ లేనివారికి కూడా ఈ లెన్స్ దారి చూపుతుంది గానీ రాజీలు ఎక్కువ. ఎఫ్/4, 1/200, ఐఎస్ఓ 3200 దగ్గర నెమ్మదిగా తిరిగే ఏంజెల్ ఫిష్‌ను బాగానే తీయవచ్చు. చవక ఎల్‌ఈడీ దీపాలు మనకు తెలియకుండా సెకనుకు ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంటాయి కనుక షట్టర్ వేగం పెంచితే ఫోటోలో అడ్డచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక దాన్నిబట్టి రెపరెపలాడే దీపాల వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది; అలాంటి దీపానికి 1/100 గానీ 1/50 గానీ పెడితే చారలు పోతాయి, కానీ ఆ వేగానికి చేప ఆగదు.

రబ్బరు హుడ్ గాజుకు ఆనించలేని సందర్భాలు కూడా వస్తాయి. గాజుకు అంటుకున్న నత్తనో, గాజు దగ్గరికే వచ్చి మన వంక చూసే ఏంజెల్ ఫిష్‌నో తీయాలంటే లెన్స్‌ను 13 సెంటీమీటర్లు వెనక్కి తీసుకోక తప్పదు, వెంటనే ప్రతిబింబాలు మొదలవుతాయి. దానికి నేను చేసే ఏర్పాటు ఇది: నల్ల చార్టు పేపరు మధ్యలో ఎనిమిది సెంటీమీటర్ల రంధ్రం కోసి లెన్స్‌కు తొడుగుతాను, గది దీపాలు ఆర్పి, బాల్కనీ వైపు తెర వేస్తాను, ముదురురంగు చొక్కా తొడుక్కుంటాను. లెన్స్ వ్యాసం 7.8 సెంటీమీటర్లు కనుక ఆ రంధ్రం అమరినట్టు సరిపోతుంది. ఫోటోలు తీసే ముందు లోపలి గాజును అయస్కాంతపు బ్రష్షుతో రుద్ది, పైకి లేచిన పాచి నలుసులు ఫిల్టరులోకి పోయేదాకా ఆగి, తర్వాత కాసేపు పంపు ఆపితే నీరు తేరుకుంటుంది. పని అయిన వెంటనే పంపు మళ్లీ వేయడం మరచిపోకూడదు. చేపలకు ఫోటో కన్నా గాలి ముఖ్యం.

రంగుల విషయంలో ఈ లెన్స్ చాలా నిజాయితీగా ఉంటుంది, అందువల్ల తొట్టెలోని లోపాలు కూడా దాచదు. మామూలు గాజులో ఇనుము ఉండటం వల్ల లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. మొద్దులు వేసిన తొట్టె నీటికి టీ డికాషన్ రంగు ఉంటుంది. ఈ రెండింటికీ విరుగుడుగా తెల్లటి ప్లాస్టిక్ చెంచాను చేప తిరిగే చోట ముంచి, దాన్ని ఒక ఫోటో తీసి, వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే అమరికను) దాన్నిబట్టి పెట్టుకుంటాను. ఉప్పునీటి తొట్టె నీలి దీపాలది వేరే సమస్య. కెమెరా వైట్ బ్యాలెన్స్ 10,000 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది, ఆ దీపాలు దాన్ని దాటి ఉంటాయి, దాంతో క్లౌన్ ఫిష్ నారింజ రంగు ఊదాగా మారుతుంది. రా ఫైలుగా (కెమెరా సరిదిద్దని ముడి ఫైలుగా) తీసినా పూర్తిగా సరికాదు, ఎందుకంటే ఆ వెలుగులో ఎరుపే లేనప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని పుట్టించలేదు. ఫోటో తీసే సమయానికి తెల్ల దీపాల పాలు పెంచడమో, ఫ్లాష్ మీద ఆధారపడటమో మాత్రమే దారి. ఇంటర్నెట్‌లో కనిపించే పగడాల తోటల ఫోటోలు చూసి ఈ లెన్స్ కొనాలనుకునే మిత్రులకు ఒక మాట: పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, సముద్రం నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకోరాదు. మా తొట్టెలో ఉన్నవి ఎండు రాళ్లే. వాటి మీద ఊదారంగు పొర పాకిన తర్వాత ఈ లెన్స్‌లో అవి కూడా చూడముచ్చటగానే ఉంటాయి.

నియాన్ టెట్రా గురించి విడిగా చెప్పాలి. దాని నీలి గీత వర్ణద్రవ్యం కాదు. చర్మ కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు పలుచని స్ఫటికాలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య ఎడాన్నిబట్టి ఏ రంగు వెలుగు తిరిగి వస్తుందో నిర్ణయమవుతుంది. చీకట్లో ఆ ఎడం మారి గీత రంగు ముదిరి మసకబారుతుంది, వెలుతురులో మళ్లీ నీలి ఆకుపచ్చగా విప్పారుతుంది. తొట్టె దీపం వేసిన వెంటనే తీస్తే చేప జబ్బుపడినట్టు వెలవెలబోయి కనిపించడానికి కారణం ఇదే. అరగంట ఆగితే చాలు. స్ఫటికాల మీద వెలుగు పడే కోణం కూడా ముఖ్యం. ఫ్లాష్ పైనుంచి దిగినప్పుడు ఆ గీతలో ఒక్కొక్క పొలుసు కింద వేరువేరు నీలం కనిపిస్తుంది, తల దగ్గర కాస్త పచ్చగా, తోక వైపు నెమలికంఠం రంగులో. ఈ లెన్స్ ఆ తేడాలను ఒకదానిలో ఒకటి కలిపేయకుండా విడదీసి చూపుతుంది. నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి మొదటి కారణం ఆ ఒక్క గీతే.

కట్టుబడి విషయానికొస్తే, బరువు 625 గ్రాములు, పైపొర గట్టి ప్లాస్టిక్, మౌంటు దగ్గర రబ్బరు వలయం ఉంది, దుమ్ము, తేమ చొరబడకుండా కట్టుదిట్టం చేశారు. తొట్టె మీద పనిచేసేటప్పుడు చిందే నీటిబొట్టుకు భయపడనక్కర్లేదు. ఉప్పునీరు చిందితే మాత్రం తడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. ట్రైపాడ్‌కు బిగించే రింగును విడిగా కొనుక్కోవాలి, ఈ ధర లెన్స్‌కు అది పెట్టెలోనే రాకపోవడం నాకు నచ్చలేదు. నిలువు ఫోటోలు తీసేటప్పుడు అది లేని లోటు బాగా తెలుస్తుంది.

విశాఖలో ఏ లెన్స్‌కైనా అసలు శత్రువు ఫంగస్. సముద్రపు గాలి తేమ ఏడాదిలో చాలా నెలలు తగ్గదు, తొట్లున్న గదిలో ఆవిరయ్యే నీటి వల్ల అది ఇంకా ఎక్కువ. రబ్బరు వలయం చిందిన నీటిని ఆపుతుందే గానీ గాలిలోని తేమను ఆపదు. తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ ఉంటే నిశ్చింత. లేనివారు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి రంగు మారినప్పుడల్లా మార్చుకుంటూ ఉండాలి. తోలు సంచిలోనో, బీరువాలో బట్టల మధ్యనో పెట్టడం ఫంగస్‌ను పెంచడమే. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్ మన ఉక్కపోతలో క్షణంలో పొగమంచు పట్టినట్టవుతుంది. ముందు అద్దాన్ని తుడిచినా మళ్లీ పడుతుంది. సంచిలో ఉంచే తొట్టె గదిలోకి తెచ్చి, అరగంట తర్వాత బయటికి తీస్తే ఆ బెడద ఉండదు.

ఎవరు కొనాలి అంటే, ఇప్పటికే కెనన్ కెమెరా ఉండి, తొట్టె ముందునుంచి వెనక్కి కనీసం 35 సెంటీమీటర్లు ఉండి, ఫ్లాష్ కూడా కొనే ఉద్దేశం ఉన్నవారు నిస్సంకోచంగా కొనవచ్చు. బల్ల మీది చిన్న గిన్నెలో ఒక్క ఫైటర్ ఫిష్‌ను పెంచుకునేవారికి ఇది తగదు. అంత చిన్న తొట్టెలో లెన్స్‌ను గాజుకు ఆనించే వీలే ఉండదు. చిన్న సెన్సర్ కెమెరా ఉన్నవారికి కెనన్‌దే ఈఎఫ్-ఎస్ 60 ఎంఎం మాక్రో ఉంది. దాని కనిష్ఠ ఫోకస్ దూరం 20 సెంటీమీటర్లే, లెన్స్ ముందు తొమ్మిది సెంటీమీటర్ల లోపే మిగులుతుంది కనుక చిన్న తొట్లకు ఇంకా బాగా నప్పుతుంది, బరువూ తక్కువ. ఇదే కంపెనీ 100 ఎంఎం మాక్రోలో ఐఎస్ లేని పాత యూఎస్ఎం రకం కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. ఫ్లాష్‌తోనే తీసేవారికి అది చాలు. అది కూడా పొడవు మారని లెన్సే. కెనన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) ఆర్ కెమెరా ఉన్నవారికి 2021లో వచ్చిన ఆర్ఎఫ్ 100 ఎంఎం మాక్రో 1.4 రెట్ల దాకా పెద్దది చేసి చూపుతుంది, కనిష్ఠ దూరం 26 సెంటీమీటర్లు. అయితే ఈఎఫ్ లెన్స్ కూడా అడాప్టర్‌తో ఆ కెమెరాలకు చక్కగా పనిచేస్తుంది కనుక, తొట్టె కోసమే అయితే కొత్తదానికి మారవలసిన అవసరం నాకు కనిపించలేదు. అసలు ఇప్పుడే ఖర్చు వద్దనుకునేవారు కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌తోనే మొదలుపెట్టవచ్చు. అందులోని ఎఫ్/3.5-5.6 ఎస్టీఎం రకం 25 సెంటీమీటర్ల దగ్గరికి ఫోకస్ అవుతుంది, మూడో వంతు నిష్పత్తి ఇస్తుంది. ఏంజెల్ ఫిష్‌కు అది పుష్కలం.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మన నగరంలో మరింత జాగ్రత్తగా చూడాలి. రెండువైపులా మూతలు తీసి, ఫోన్ టార్చిని వెనకనుంచి ఏటవాలుగా వేసి, ముందునుంచి లోపలికి చూడాలి. సాలెగూటి పోగుల్లాంటి సన్నని కొమ్మలు అద్దం అంచు నుంచి లోపలికి పాకి ఉంటే అది ఫంగస్. ఎంత తక్కువకు ఇస్తామన్నా వద్దనడమే మంచిది. విడివిడిగా ఉన్న దుమ్ము కణాలు కొన్ని ఉంటే ఫర్వాలేదు, ఫోటోలో పడవు. తర్వాత లెన్స్‌ను కెమెరాకు బిగించి, పరిమితి మీటను 0.3 నుంచి 0.5 స్థానంలో పెట్టి, లెన్స్ ముందు ఒక జానెడు దూరంలో ఉన్న కరెన్సీ నోటు మీది చిన్న అక్షరాలకు పదేపదే ఫోకస్ చేయించి చూడాలి. ఫోకస్ అటూ ఇటూ తడబడకుండా ఆగుతోందా, ఐఎస్ వేసినప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ ఎగిరిపడకుండా నిలుస్తోందా అన్నవి చూసుకోవాలి. ఆ రెండింటి మరమ్మతుకు ఖర్చు ఎక్కువ కావచ్చు కనుక, దుకాణం నుంచి బయటికి రాకముందే తేల్చుకోవడం మంచిది.